వారి నిద్ర, మన ప్రాణం

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో గల్ఫ్ దేశాలతో సంబంధం ఉన్న కుటుంబాలు అనేకం. ఒక ఇంటి పెద్ద కొడుకు కువైట్‌లో ఉంటాడు. పక్కింటి అల్లుడు దుబాయిలో, ఆ వెనుక ఇంటి తల్లి మస్కట్‌లో పనిచేస్తూ ఉంటారు. వారు సెలవు మీద వచ్చే రోజు కోసం ఇల్లంతా ఎదురుచూస్తుంది. టికెట్టు ధర ఎంత, సామాను ఎన్ని కిలోలు తేవచ్చు, విమానం ఎన్ని గంటలకు దిగుతుంది, ఎవరి కారు మాట్లాడాలి అని ముందుగానే ఆరా తీస్తాము. ఒక్క ప్రశ్న మాత్రం సాధారణంగా ఎవరమూ అడగము. మనవారిని ఇంటికి చేర్చే ఆ మనుషులు నిద్రపోయి ఎంతసేపయింది?

గల్ఫ్ నుంచి బయలుదేరినవారు కొల్లేటి గట్టున ఉన్న తమ ఇంటి గడప తొక్కేలోగా ముగ్గురి మెలకువ మీద ఆధారపడతారు. విమానం నడిపే పైలట్, విమానంలో ప్రయాణికుల బాధ్యత వహించే క్యాబిన్ సిబ్బంది, విమానాశ్రయం నుంచి ఇంటికి తెచ్చే కారు డ్రైవరు. అదే రహదారి మీద ఎదురుగానో ముందుగానో కొల్లేటి చేపల లోడుతో వెళ్లే లారీ డ్రైవరును కూడా కలుపుకుంటే నలుగురు. ఈ నలుగురిలో ఏ ఒక్కరికి కునుకు పట్టినా నష్టం వారొక్కరితో ఆగదు. అందుచేత అలసట అనేది పనిచేసేవారి సొంత బాధ మాత్రమే అనుకోవడానికి వీలులేదు. అది మనందరి భద్రతకు సంబంధించిన విషయం.

భోజనం అందించడానికే ఉన్నారా?

విమానంలో చిరునవ్వుతో నీళ్లు, భోజనం అందించే యువతీ యువకులను చూసి అదే వారి ఉద్యోగమని చాలామంది భావిస్తారు. నిజానికి వారిని విమానంలో ఉంచమని చట్టం చెప్పింది భోజనం కోసం కాదు. ప్రతి 50 సీట్లకు కనీసం ఒకరు చొప్పున క్యాబిన్ సిబ్బంది ఉండాలన్న నిబంధన పూర్తిగా భద్రత కోసం ఏర్పడినది. 180 సీట్ల విమానంలో నలుగురు కనిపించడానికి కారణం ఇదే. తలుపులు సరిగా మూసుకున్నాయా, ఎక్కడైనా పొగ వాసన వస్తోందా, ఎవరికైనా గుండెనొప్పి వచ్చిందా, ఎవరైనా బ్యాటరీ ఉన్న సామానును ప్రమాదకరంగా పెట్టారా అని ప్రయాణమంతా కనిపెట్టి ఉండవలసినది వారే. పెద్ద ప్రయాణికుల విమానాలకు అనుమతి ఇచ్చే ముందు, సగం తలుపులు మాత్రమే తెరిచి, 90 సెకన్లలో అందరినీ బయటకు పంపవచ్చునని నిరూపించాలి. ఆ 90 సెకన్లను నడిపించేది ఈ సిబ్బందే.

2024 జనవరి 2న జపాన్ రాజధాని టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో ఈ మాటకు అర్థమేమిటో ప్రపంచం చూసింది. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద ఉన్న తీర రక్షక దళ విమానాన్ని ఢీకొని మంటలలో చిక్కుకుంది. ఆ చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు. పెద్ద విమానంలో 367 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది ఉన్నారు. ప్రకటనలు వినిపించే వ్యవస్థ పనిచేయలేదు. ఎనిమిది ద్వారాలలో మూడు మాత్రమే వాడదగిన స్థితిలో ఉన్నాయి. ఏ తలుపు తెరవాలో, ఏ తలుపు వెనుక మంట ఉందో క్షణాలలో నిర్ణయించుకుని, మెగాఫోనుతోనూ, గొంతెత్తి కేకలు వేసీ సిబ్బంది దారి చూపించారు. ప్రయాణికులు సామాను వదిలి వారి మాట విన్నారు. 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

తప్పు తలుపు తెరిచి ఉంటే మంట లోపలికి వచ్చేది. అంతటి నిర్ణయం తీసుకోవడానికి శిక్షణ ఒక్కటే చాలదు. ఆ శిక్షణను ఆ క్షణంలో గుర్తుకు తెచ్చుకోగల తేరుకున్న బుర్ర కూడా కావాలి. నిద్రలేమి మొదట దెబ్బతీసేది దానినే.

ఈ ఉద్యోగంలో నిద్ర దెబ్బతినడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఒకరోజు తెల్లవారుజామున విధులకు వెళ్లాలి, మరోరోజు అర్ధరాత్రి. దేశీయ మార్గాలలో ఒకే రోజు మూడు నాలుగు సార్లు ఎక్కి దిగవలసి వస్తుంది. విమానం పైకి లేచాక లోపలి గాలి పీడనం ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. ఆ గాలిలో గంటల తరబడి నిలబడి, బరువైన బండ్లు తోస్తూ పనిచేయాలి. దూర ప్రయాణాలలో ఒక దేశపు పగలు మరొక దేశపు రాత్రిగా మారుతుంది. కాగితం మీద పది గంటల విశ్రాంతి అని రాసి ఉన్నా, విమానాశ్రయం నుంచి గదికి వెళ్లడం, భోజనం, స్నానం, మళ్లీ తయారై రావడం అందులోనే జరగాలి. చివరికి నిద్రకు మిగిలేది ఆరు గంటలు, ఒక్కోసారి ఇంకా తక్కువ.

దేహానికి ఒక గడియారం ఉంది

మన శరీరం వెలుగు చీకట్లను అనుసరించి నడుస్తుంది. చీకటి పడ్డాక నిద్రకు, వెలుగు వచ్చాక మెలకువకు సిద్ధమవుతుంది. రాత్రి రెండు గంటల నుంచి ఉదయం ఆరు గంటల వరకు శరీరపు చురుకుదనం అన్నిటికంటే తక్కువ స్థాయికి దిగుతుంది. విమానయాన నిపుణులు ఈ వేళను ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటారు. పగలు ఎంత పడుకున్నా ఈ వేళలో పనిచేసేవారికి తూగు తప్పదు. పైగా పగటి నిద్ర రాత్రి నిద్రంత గాఢంగా ఉండదు.

1997లో ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక ముఖ్యమైన ఫలితాన్ని ప్రచురించారు. నిద్ర లేకుండా ఉన్నవారికీ, మద్యం సేవించినవారికీ కంటికీ చేతికీ ఉండవలసిన సమన్వయాన్ని పరీక్షించే ఒకే పరీక్ష పెట్టారు. 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానంగా కనిపించింది. 24 గంటలు మేల్కొన్నవారి స్థితి సుమారు 0.10 శాతంతో సమానం. మన దేశపు మోటారు వాహనాల చట్టం అనుమతించే గరిష్ఠ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం.

ఈ అంకెలను మన ఇళ్లలో ప్రత్యేకంగా ఆలోచించవలసి ఉంది. మద్యం ముట్టుకోవడం మనకు నిషిద్ధం. తాగి బండి నడిపేవాడిని చూస్తే మనకు కోపం వస్తుంది. కానీ జీవితంలో ఒక్క చుక్క ముట్టని మనిషి ఉదయం ఐదింటికి లేచి, రోజంతా పనిచేసి, అర్ధరాత్రి స్టీరింగు పట్టుకుంటే, అతని కళ్లు, చేతులు తాగినవాడి కళ్లు, చేతుల లాగానే తడబడతాయి. తేడా ఒక్కటే. తాగినవాడిని పోలీసులు యంత్రంతో పట్టుకోగలరు. నిద్రలేనివాడిని పట్టుకునే యంత్రం రోడ్డు మీద లేదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతుంది. మూడు సెకన్ల కునుకు పడితే 66 మీటర్లు ఎవరూ నడపకుండానే ఆ బండి వెళుతుంది. నిద్ర నుంచి హఠాత్తుగా లేచినవారికి మరో చిక్కు ఉంది. కళ్లు తెరుచుకున్నా బుర్ర పూర్తిగా తేరుకోవడానికి కొన్ని నిమిషాల నుంచి అరగంట వరకు పడుతుంది. ఆ మత్తులో తీసుకున్న నిర్ణయం ఎంత ప్రమాదకరం కాగలదో మంగళూరు దుర్ఘటన చెబుతుంది.

మంగళూరు నేర్పిన పాఠం

2010 మే 22 తెల్లవారుజామున దుబాయి నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరుకు వచ్చింది. అందులో 166 మంది ఉన్నారు. వారిలో అత్యధికులు గల్ఫ్‌లో పనిచేసుకుని కర్ణాటక, కేరళలోని తమ ఇళ్లకు వస్తున్నవారు, వారి కుటుంబ సభ్యులు. ఉదయం ఆరు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు ఆ విమానం కొండ మీది రన్‌వే దాటి లోయలోకి పడి మండిపోయింది. 158 మంది మరణించారు. ఎనిమిది మంది మాత్రమే బతికారు. పైలట్లిద్దరితో పాటు క్యాబిన్ సిబ్బంది నలుగురూ మరణించారు.

విచారణ న్యాయస్థానం నివేదిక ప్రకారం ప్రధాన కారణం, సరైన ఎత్తులో, సరైన వేగంలో లేని విమానాన్ని కెప్టెన్ దింపే ప్రయత్నం మానుకోకపోవడం. మళ్లీ పైకి లేపుదామని సహ పైలట్ మూడుసార్లు చెప్పాడు. విమానంలోని యంత్రాలు పదేపదే హెచ్చరించాయి. అయినా కెప్టెన్ ఆగలేదు. కాక్‌పిట్‌లోని శబ్దాలను నమోదు చేసే పరికరంలో గంటన్నరకు పైగా సంభాషణ లేదు, గురక శబ్దం వినిపించింది. విమానం బయలుదేరే ముందు తగిన విశ్రాంతి సమయం ఇచ్చినా, ప్రయాణంలో కెప్టెన్ దీర్ఘంగా నిద్రపోయాడనీ, లేచాక మిగిలిన మత్తు అతని నిర్ణయశక్తిపై ప్రభావం చూపి ఉండవచ్చుననీ నివేదిక ఒక దోహద కారణంగా పేర్కొన్నది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. విశ్రాంతి సమయం ఇచ్చారన్నది నిజమే. కానీ విశ్రాంతి సమయం ఇవ్వడం, నిజంగా నిద్ర పట్టడం రెండూ ఒకటి కావు. శరీరం పడుకోవలసిన వేళలో పనిచేయించి, శరీరం మేల్కొనవలసిన వేళలో విశ్రాంతి ఇస్తే లెక్క సరిపోతుంది గాని నిద్ర సరిపోదు.

నిబంధన వచ్చింది, మనుషులు చాలలేదు

మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2024 జనవరిలో పైలట్ల పని వేళలను సవరించింది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. రాత్రి విధి అంటే ఉదయం ఐదు వరకు అన్న నిర్వచనాన్ని ఆరు వరకు పొడిగించింది. రాత్రి విధులలో విమానం దింపడాన్ని ఆరుసార్ల నుంచి రెండుసార్లకు తగ్గించింది. విమాన సంస్థల అభ్యంతరాల వల్ల అమలు వాయిదా పడింది. చివరికి 2025 జులై 1న కొంత, నవంబరు 1న మిగిలినది అమలులోకి వచ్చింది.

ఆ తరువాతి నెలలో ఏమి జరిగిందో ప్రయాణం చేసినవారికి గుర్తుండే ఉంటుంది. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సంస్థ వేలాది విమానాలను రద్దు చేసింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దయ్యాయి. పెళ్లిళ్లకు, పరీక్షలకు, వైద్యానికి బయలుదేరినవారు విమానాశ్రయాలలో నేల మీద పడుకున్నారు. కొత్త నిబంధనలకు తగినంత మంది సిబ్బందిని సంస్థ సిద్ధం చేసుకోకపోవడం ఇందుకు ముఖ్య కారణంగా తేలింది. డైరెక్టరేట్ ఆ సంస్థకు కొన్ని నిబంధనల నుంచి తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది.

ఆ రోజులలో చాలామంది నిబంధననే నిందించారు. విశ్రాంతి ఇవ్వగానే విమానాలు ఆగిపోయాయంటే, అంతకు ముందు అవి ఎవరి నిద్ర మీద ఎగిరాయన్నది అసలు ప్రశ్న. విశ్రాంతి ఇవ్వాలంటే మరికొందరిని నియమించుకోవాలి, అందుకు డబ్బు ఖర్చవుతుంది. ఆ ఖర్చు తప్పించుకున్న ప్రతిసారీ దానిని మరొకరు తమ శరీరంతో చెల్లిస్తారు.

పైన చెప్పినవి పైలట్ల నిబంధనలు. క్యాబిన్ సిబ్బందికి వేరే నిబంధనలు ఉంటాయి. వారి విశ్రాంతి విషయంలో ప్రపంచమంతటా నిర్లక్ష్యమే ఎక్కువ. అమెరికాలో పైలట్లకు విధుల మధ్య పది గంటల విశ్రాంతి 2014 నుంచి అమలులో ఉండగా, క్యాబిన్ సిబ్బందికి తొమ్మిది గంటలే ఉండేది. దానిని పది చేయమని 2018లో చట్టం వచ్చినా నిబంధన వెలువడింది 2022 అక్టోబరులో. ఒకే విమానంలో ఒకే రాత్రి పనిచేసినవారికి ఒక గంట నిద్ర సమానం కావడానికి అంత కాలం పట్టింది.

కొల్లేటి లారీకి లెక్క ఎవరు రాస్తారు?

ఆకాశంలో కనీసం లెక్క ఉంది. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో పుస్తకంలో రాస్తారు, తనిఖీ చేస్తారు. నేల మీదికి, మన ప్రాంతానికి వస్తే ఆ లెక్క కూడా కనిపించదు.

కైకలూరు, ఆకివీడు, మండవల్లి, భీమవరం చుట్టూ ఉన్న చెరువులలో పట్టిన బొచ్చె, శీలావతి వంటి చేపలు ఐసులో పెట్టి లారీలకు ఎక్కిస్తారు. ఆ లారీలు 16వ జాతీయ రహదారి మీదుగా హౌరాకు, అక్కడి నుంచి అస్సాం వైపుకు కూడా వెళతాయి. ఏలూరు నుంచి హౌరాకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఐసు కరిగేలోగా సరుకు చేరాలి. ఆలస్యమైతే చేప ధర పడిపోతుంది, బాడుగలో కోత పడుతుంది. చెరువు గట్టున పట్టుబడి పూర్తయ్యేదాకా, తూకం, ఐసు, లోడింగు అయ్యేదాకా డ్రైవరు కాచుకుని ఉండాలి. ఆ కాచుకున్న గంటలు అతనికి విశ్రాంతీ కావు, పని కింద లెక్కకూ రావు. లోడు ఎత్తేసరికి చీకటి పడుతుంది, అసలు ప్రయాణం అప్పుడు మొదలవుతుంది. క్యాబిన్ సిబ్బంది విశ్రాంతిని గదికి వెళ్లే దారి తినేసినట్టే, ఇతని విశ్రాంతిని చెరువు గట్టు తినేస్తుంది.

మోటారు రవాణా కార్మికుల కోసం మన దేశం 1961లోనే చట్టం చేసింది. ఆ చట్టంలో నిర్ణయించినవి రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు పని. దూర మార్గాలలో రోజుకు పది గంటల వరకు. ఐదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి. అరవై ఏళ్లు దాటినా ఈ గంటలను రోడ్డు మీద లెక్కపెట్టేవారు కరువు. 2020లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ దేశంలోని పది నగరాలలో లారీ డ్రైవర్లతో జరిపిన అధ్యయనంలో దాదాపు సగం మంది అలసటగా, నిద్రమత్తుగా ఉన్నప్పుడు కూడా బండి నడుపుతామని ఒప్పుకున్నారు. ఐరోపాలో ప్రతి భారీ లారీలో గంటలు నమోదు చేసే పరికరం ఉంటుంది. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. ఇది మనకు అసాధ్యమైన సాంకేతికత ఏమీ కాదు.

విమానాశ్రయం కారు సంగతి

గన్నవరం ఏలూరుకు యాభై కిలోమీటర్ల లోపే. కానీ గల్ఫ్ నుంచి వచ్చే మనవారిలో చాలామంది శంషాబాద్‌లో దిగుతారు. అక్కడి నుంచి ఏలూరుకు మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. సాధారణంగా ఏమి జరుగుతుంది? డ్రైవరు ఉదయం ఆరింటికి లేచి రోజంతా బాడుగలకు తిరుగుతాడు. సాయంత్రం ఇంటివారిలో నలుగురిని ఎక్కించుకుని బయలుదేరుతాడు. అర్ధరాత్రి విమానాశ్రయంలో కాచుకుంటాడు. సామాను వచ్చి, కౌగిలింతలు అయ్యి, టీ తాగి తిరుగు ప్రయాణం మొదలుపెట్టేసరికి మూడవుతుంది. అప్పటికి అతను మేల్కొని 21 గంటలు. శరీరం అన్నిటికంటే నీరసించే వేళ అంతా అతను స్టీరింగు వెనుకే ఉంటాడు. కారులో మిగిలినవారంతా సంతోషంతో అలసి నిద్రపోతారు.

ఆ రాత్రి విమానం నడిపిన పైలట్‌కు ఇలా పనిచేయడానికి చట్టం అనుమతించదు. విమానంలో వద్దన్నదానిని కారులో మనమే డబ్బిచ్చి చేయిస్తున్నాము.

విశ్రాంతి ఒక హక్కు

నిద్రను మనిషికి విశ్రాంతిగా, రాత్రిని ఆచ్ఛాదనగా చేసినట్టు దివ్యఖుర్ఆన్ నబా సూరా తెలుపుతుంది. రాత్రంతా ఆరాధనలో గడుపుతున్న ఒక సహచరునికి, నీ దేహానికి కూడా నీపై హక్కు ఉందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఆరాధన కోసమే దేహపు హక్కును కాలరాయరాదన్నప్పుడు, బాడుగ కోసం, లాభం కోసం కాలరాయడం ఎలా సమంజసం అవుతుంది? మన కింద పనిచేసేవారిపై శక్తికి మించిన భారం మోపవద్దనీ, మోపితే ఆ పనిలో వారికి తోడ్పడాలనీ కూడా ప్రవక్త (స) ఆదేశించారు. లారీ యజమానికి, కారు మాట్లాడుకున్న కుటుంబానికి, విమాన సంస్థకు ఈ ఆదేశం ఒకేలా వర్తిస్తుంది. రమజాన్ మాసంలో తరావీహ్ తరువాత పడుకుని సహరీకి లేచే డ్రైవర్ల నిద్ర ఇంకా తగ్గుతుందని, ఆ నెలలో వారి పని వేళలను సడలించాలని యజమానులు గుర్తుంచుకోవాలి.

మన చేతిలో ఉన్నవి

శంషాబాద్ వెళ్లే కారుకు ఇద్దరు డ్రైవర్లను మాట్లాడుకోండి. వీలుకాకపోతే డ్రైవరు ఆ మధ్యాహ్నం మూడు గంటలైనా పడుకునేలా చూడండి, లేదా తిరుగు ప్రయాణం తెల్లవారాక పెట్టుకోండి. బిడ్డను చూడటం నాలుగు గంటలు ఆలస్యమైతే తల్లికి కలిగే బాధ చిన్నదే. ముందు సీటులో కూర్చున్నవారు నిద్రపోకుండా డ్రైవరుతో మాట్లాడుతూ ఉండాలి. పదేపదే ఆవలించడం, కళ్లు నలుపుకోవడం, దాటివచ్చిన ఊరు గుర్తులేకపోవడం, బండి గీత దాటి పక్కకు జరగడం ప్రమాద సూచనలు. కిటికీ తెరవడం, పెద్దగా శబ్దం పెట్టడం నిద్రను ఆపవు. సురక్షితమైన చోట ఆపి, టీ తాగి, ఇరవై నిమిషాలు కునుకు తీయించడం మేలు. లేచాక మత్తు వదిలేదాకా కొద్దిసేపు ఆగి బయలుదేరాలి.

రాత్రి పనిచేసి వచ్చినవారు ఇంట్లో ఉంటే, వారి పగటి నిద్రను రాత్రి నిద్రలా గౌరవించండి. గది చీకటిగా ఉంచండి. పిల్లల ఆటలు, చుట్టాల ఫోన్లు, బజారు పనులు వారు లేచేదాకా ఆగగలవు. పగలంతా పడుకుంటాడన్న ఎత్తిపొడుపు మానేయండి.

విమానం ఎక్కినప్పుడు క్యాబిన్ సిబ్బంది చూపించే భద్రతా సూచనలను శ్రద్ధగా గమనించండి. ప్రమాదంలో సామాను వదిలి బయటపడాలన్న విషయం పిల్లలకు కూడా చెప్పండి. భోజనం ఆలస్యమైందని వారి మీద గొంతు పెంచవద్దు. ఆ రోజు అది వారికి నాలుగవ ప్రయాణం కావచ్చు.

చేపల వ్యాపారంలో ఉన్నవారు, లారీ యజమానులు హౌరా లోడుకు ఇద్దరు డ్రైవర్లను పంపడం నియమంగా పెట్టుకోవాలి. సరుకు కొన్ని గంటలు ఆలస్యమైతే బాడుగ కోయబోమని ముందే మాట ఇవ్వాలి. లోడింగు అయ్యేదాకా డ్రైవరు పడుకోవడానికి చెరువు గట్టున ఒక నీడ, ఒక మంచం ఏర్పాటు చేయడం ఏ యజమానికీ భారం కాదు.

విమానంలోనైనా, లారీలోనైనా, కారులోనైనా "నాకు నిద్ర వస్తోంది, నేను నడపలేను" అని చెప్పిన మనిషి ఆ మాట వల్ల జీతం గాని, బాడుగ గాని, ఉద్యోగం గాని కోల్పోకూడదు. ఆ మాట చెప్పడానికి భయపడేవాడు చెప్పకుండానే నడుపుతాడు. అతని వెనుక సీటులో కూర్చుని ఉన్నది మనమే.